ఒక్క పందెమూ గెలవని మొదటివాడు

ముందుగా ఒక కాగితం ముక్క, పెన్సిలు పక్కన పెట్టుకోండి. కాఫీ కూడా ఉంటే మరీ మంచిది. ఇవాళ కాసేపు లెక్కల మాస్టారి వేషం కడదామనుకుంటున్నాను. కంగారు పడకండి, బెత్తం తేలేదు. మార్కులు వెయ్యను, పక్కవాడి కాగితంలోకి తొంగి చూసినా ఏమీ అనను.

గోపి, రాజు, శీను అని ముగ్గురు కుర్రాళ్లు. గుడి కోనేరు చుట్టూ సైకిలు పందేలు వేసుకున్నారు. ఒక పందెమంటే ఒక చుట్టు. మొత్తం ఎన్ని పందేలో చెప్పను, ఒకటికి మించి మాత్రం ఆడారు. చిత్రమేమిటంటే, ఏ పందెం తీసుకున్నా మొదట వచ్చినవాడికి పట్టిన సమయం ఒకటే. రెండోవాడి సమయమూ ప్రతిసారీ ఒకటే. మూడోవాడిదీ అంతే. అన్నీ పూర్తి నిమిషాలే, అరలూ పావులూ లేవు. ఇద్దరు కలిసి గీత దాటడం ఒక్కసారీ జరగలేదు. ఆటయ్యాక గుడి మెట్ల మీద కూర్చుని ఎవరి నిమిషాలు వాళ్లు కూడుకున్నారు. గోపికి మొత్తం 6 నిమిషాలు, రాజుకి 10, శీనుకి 17. తక్కువ సమయం గోపిది కాబట్టి గోలీసోడా గోపికి.

ఇప్పుడు చెప్పండి. ఆఖరి పందెంలో రెండోవాడు ఎవరు?

"ఆఖరి పందెం ఊసే ఎత్తకుండా అందులో రెండోవాడెవరని అడుగుతావేమిటయ్యా!" అని మీరు విసుక్కోవడం నాకు వినబడుతూనే ఉంది. నిజమే, ఊసెత్తలేదు. అయినా మీకు కావలసిందంతా నేను చెప్పిన నాలుగు ముక్కల్లోనే ఉంది. సొంతంగా చేసుకోవాలని ఉంటే ఇక్కడే ఆగండి. ఒక గుక్క కాఫీ తాగి వెనక్కి రండి.

వచ్చారా? సరే, చూద్దాం. ముగ్గురి నిమిషాలూ కూడితే 33. ప్రతి పందెంలోనూ ముగ్గురి సమయాల మొత్తం ఒకటే అన్నాం కదా. అంటే పందేల సంఖ్యని ఆ మొత్తంతో గుణిస్తే 33 రావాలి. ఆ మొత్తం ఎంత చిన్నదైనా ఒకటి, రెండు, మూడు కలిపి ఆరుకి తగ్గదు. 33ని శేషం లేకుండా భాగించేవి 1, 3, 11, 33. వీటిలో ఆరుకి తగ్గనివి 11, 33 మాత్రమే. 33 అనుకుంటే ఆడింది ఒక్క పందెం, అది కాదని ముందే అన్నాను. కాబట్టి పందేలు మూడు, ఒక్కో పందెంలో ముగ్గురి సమయాల మొత్తం 11.

ఇప్పుడు శీను సంగతి. మూడు పందేల్లో 17 నిమిషాలు పోగెయ్యాలంటే మూడోవాడి సమయం ఐదు అయితే చాలదు, కనీసం ఆరు ఉండాలి. ఎనిమిదికి మించడానికీ వీల్లేదు, ఎందుకంటే మిగతా ఇద్దరికీ కనీసం ఒకటీ రెండూ మిగలాలి కదా. ఆరు పెట్టి చూడండి. మూడుసార్లూ ఆఖరైతే 18, రెండుసార్లే అయితే 16 దాటదు. పదిహేడు కుదరదు. ఏడు పెడితే మిగతావి ఒకటీ మూడూ అయితేనే శీనుకి 17 వస్తుంది. కానీ అప్పుడు రాజు చిక్కులో పడతాడు. ఏడూ ఒకటీ ఒకటీ తొమ్మిది, ఏడూ మూడూ ఒకటీ పదకొండు. పదికి దారే లేదు. ఇక మిగిలింది ఎనిమిది. సమయాలు 1, 2, 8. శీనుకి 8, 8, 1. రాజుకి 8, 1, 1. ఒకట్లూ ఎనిమిదులూ వీళ్లిద్దరే పంచేసుకున్నారు. గోపికి మిగిలినవి 2, 2, 2.

అంటే ఆఖరి పందెంలోనే కాదు, మూడింటిలోనూ రెండోవాడు గోపియే. ఒక్క పందెమూ గెలవలేదు, గోలీసోడా మాత్రం వాడిదే. అందరికంటే వెనకబడిన శీను కూడా ఒక పందెం గెలిచాడు! రాజు రెండు గెలిచి ఒకదాంట్లో చైను ఊడి మునిగిపోయాడు.

"ఇదంతా నువ్వు కావాలని పేర్చిన లెక్క, బయట ఇలా జరుగుతుందా?" అంటారేమో. టూర్ డి ఫ్రాన్స్ సైకిలు పందెం పేరు మీరు వినే ఉంటారు. మూడు వారాలు, ఇరవై పైచిలుకు స్టేజీలు, కొండలూ లోయలూ. ప్రతి స్టేజీకీ ఒక విజేత ఉంటాడు. కానీ పసుపు జెర్సీ మొత్తం సమయాలు కూడితే ఎవరిది తక్కువో వాడికే. 1990లో అమెరికన్ గ్రెగ్ లెమాండ్ ఒక్క స్టేజీ కూడా గెలవకుండానే టూర్ గెలిచాడు. రెండో స్థానంలో ఉన్న ఇటలీవాడు క్లాడియో కియాపూచి కన్నా 2 నిమిషాల 16 సెకన్లు ముందు. అచ్చం మన గోపియే. 1956లో ఫ్రెంచివాడు రోజే వాల్కోవియాక్‌దీ ఇదే కథ. 2019లో కొలంబియా కుర్రాడు ఎగాన్ బెర్నాల్ కూడా ఏ స్టేజీ గెలవకుండానే పసుపు జెర్సీతో పారిస్ చేరాడు. అతని విషయంలో ఇంకో తమాషా ఉంది. అతను ఇజెరాన్ కనుమ మీద అందరికంటే ముందు ఉన్న రోజున వడగళ్ల వాన పడి, ముందున్న దారి మీద మట్టిచరియలు విరిగిపడ్డాయి. స్టేజీ మధ్యలోనే ఆపేసి కనుమ పైన తీసుకున్న సమయాలే ఖాయం చేశారు. ఆ రోజు స్టేజీ విజేతంటూ ఎవరినీ ప్రకటించలేదు. పాపం, గెలిచే అవకాశం చేతిదాకా వచ్చి లెక్కల్లోకి రాలేదు.

లెమాండ్ పేరెత్తాక 1989 గురించి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. అంతకు రెండేళ్ల ముందు వేటలో పొరపాటున తుపాకి గుళ్లు తగిలి చావుతప్పి బయటపడ్డ మనిషి అతను. ఆ ఏడాది ఆఖరి రోజు వెర్సాయ్ నుంచి పారిస్‌లోని షాంజెలీజె దాకా 24.5 కిలోమీటర్ల టైమ్ ట్రయల్. అంటే ఒక్కొక్కరే బయల్దేరి గడియారంతో పోటీ పడాలి. అప్పటికి లొరాన్ ఫిన్యాన్ 50 సెకన్ల ఆధిక్యంలో ఉన్నాడు. అంతకు ముందే రెండుసార్లు టూర్ గెలిచిన ఫ్రెంచి వీరుడు, కళ్లజోడు, వెనక పిలకజుట్టు. 24.5 కిలోమీటర్లలో 50 సెకన్లు పూడ్చడం కుదరదనే అందరూ అనుకున్నారు. లెమాండ్ ముందుకి చాచిన కొత్తరకం హ్యాండిల్ పట్టుకుని గాలిని చీల్చుకుంటూ వెళ్లి ఆ స్టేజీలో ఫిన్యాన్ కన్నా 58 సెకన్లు ముందు తేలాడు. యాభై ఎనిమిదిలోంచి యాభై తీసెయ్యండి. ఎనిమిది సెకన్లు! 3,285 కిలోమీటర్లు, 87 గంటలకు పైగా తొక్కిన తొక్కుడు, ఆఖరికి తేడా ఎనిమిది సెకన్లు. అతను ఆ రోజు తొక్కిన వేగంలో అది రమారమి 120 మీటర్లు. టూర్ చరిత్రలో ఇంతకన్నా తక్కువ తేడాతో గెలిచినవాళ్లు ఇప్పటిదాకా లేరు.

చూశారా, సమయాలు కూడే లెక్కలో ఒక న్యాయం ఉంది. మొదటి వారంలో ఎక్కడో పల్లెటూళ్లో పోగొట్టుకున్న సెకను ఆఖరి రోజున పారిస్‌లో బాకీ తీర్చమంటుంది. ఏ సెకనూ వృథా పోదు.

కానీ ఇదే ఏకైక న్యాయం అనుకోకండి. మళ్లీ కోనేటి గట్టుకి వద్దాం. నిమిషాలు వదిలేసి స్థానాలు కూడదాం. మొదటికి 1, రెండుకి 2, మూడుకి 3. తక్కువ వచ్చినవాడే గెలిచినట్టు. గోపికి రెండూ రెండూ రెండూ ఆరు. రాజుకి ఒకటీ ఒకటీ మూడూ ఐదు. శీనుకి ఏడు. గోలీసోడా చెయ్యి మారింది, రాజుకి వెళ్లిపోయింది! అవే పందేలు, అదే తొక్కుడు. మారింది కూడిక ఒక్కటే. రాజు చైను ఊడి గోపి కన్నా వెనకబడిన ఆరు నిమిషాలని స్థానాల లెక్క మింగేసింది. ఆఖరివాడు ఎనిమిది నిమిషాలకొచ్చినా, ఎనభై నిమిషాలకొచ్చినా ఆ లెక్కకి మూడోవాడే.

టూర్ డి ఫ్రాన్స్ వాళ్లు ఈ లెక్కా పెట్టి చూశారు. 1903లో మొదలైనప్పుడు సమయాలే కూడారు. 1904లో మోసాలు మితిమీరి మొదటి నలుగురినీ తర్వాత పోటీ నుంచి తీసేశారు. అలా ఆన్రీ కోర్నే అనే 19 ఏళ్ల పిల్లవాడు విజేత అయ్యాడు. ఆ గొడవ తర్వాత 1905 నుంచి 1912 దాకా స్థానాల మీద పాయింట్లు లెక్కించారు. 1913లో మళ్లీ సమయానికే వచ్చారు, ఇప్పటికీ అదే. నాకైతే అదే సబబుగా తోస్తుంది. స్థానాల లెక్కలో ముందున్నవాడికి వెనకవాడు కనబడకపోతే ఇక తొందరెందుకు? గంట ముందు వచ్చినా, సెకను ముందు వచ్చినా దక్కేది అదే ఒకటి.

అయితే సమయం లెక్కనీ మరీ కడిగిన ముత్యమని అనుకోకండి. వందమంది గుంపుగా వచ్చి గీత దాటితే అందరికీ ఒకే సమయం రాస్తారు, ముందు చక్రం ఎవరిదైనా సరే. పైగా ఈ మధ్య కాలంలో మామూలు స్టేజీల్లో మొదటి ముగ్గురికీ 10, 6, 4 సెకన్లు బోనసుగా తగ్గిస్తున్నారు. అంటే స్థానం దొడ్డిదారిన సమయంలోకి దూరిందన్న మాట! ఆకుపచ్చ జెర్సీ మాత్రం బాహాటంగానే స్థానాల పాయింట్లకి ఇస్తారు. స్లొవేకియా వాడు పీటర్ సగాన్ దాన్ని ఏడుసార్లు తొడుక్కున్నాడు. పసుపుది ఒక్కసారీ గెలవలేదు. 2014, 2015ల్లో అయితే ఒక్క స్టేజీ గెలవకుండానే ఆకుపచ్చ కొట్టుకుపోయాడు.

కూడికలో ఇంత తిరకాసు ఉంటే, గుణకారంలో ఎంత ఉండాలి? స్థానాలు గుణిస్తారా ఎవరైనా అనకండి. ఒలింపిక్స్‌లోనే గుణించారు. 2021 ఆగస్టులో టోక్యోలో గోడలెక్కే ఆట, అదే స్పోర్ట్ క్లైంబింగ్, తొలిసారి ఒలింపిక్స్‌కొచ్చింది. అందులో మూడు రకాలున్నాయి. 15 మీటర్ల గోడ ఎవరు ముందు ఎక్కుతారనే పరుగు ఒకటి. తాడు లేకుండా పొట్టి గోడల మీద చిక్కుముళ్లు విప్పేది రెండోది. పొడవాటి గోడ మీద ఎవరు ఎక్కువ ఎత్తుకి పోతారన్నది మూడోది. మూడింటికీ కలిపి ఒకటే పతకం. అందుకని ఒక్కొక్కరి మూడు స్థానాలూ గుణించి, లబ్ధం తక్కువ వచ్చినవాడికి స్వర్ణం అన్నారు.

మగవాళ్ల ఫైనల్లో స్పెయిన్ కుర్రాడు అల్బెర్తో హినెస్ లోపెజ్ పరుగులో మొదటివాడు, రెండో రకంలో ఏడోవాడు, మూడో దాంట్లో నాలుగోవాడు. ఒకటి ఇంటూ ఏడు ఇంటూ నాలుగు, 28. స్వర్ణం. ఏడుగురే పోటీపడిన ఫైనల్లో ఒకదాంట్లో ఏడోవాడు, అంటే ఆఖరివాడు! అమెరికన్ నథానియల్ కోల్‌మన్‌కి 6, 1, 5, లబ్ధం 30. రజతం. ఆస్ట్రియా వాడు యాకోబ్ షూబర్ట్‌కి 7, 5, 1, లబ్ధం 35. కాంస్యం. గుణకారంలో ఒకటి అంకె ఎంత బంగారమో గమనించారా? ముగ్గురికీ ఏదో ఒకదాంట్లో ఒకటి ఉంది. అన్నిట్లోనూ మధ్యస్తంగా ఉండే గోపిలాంటివాళ్లకి ఇక్కడ గతి లేదు. కాలిన్ డఫీ అనే అమెరికన్ కుర్రాడికి 5, 4, 3. ఎక్కడా ఆఖరు కాలేదు. లబ్ధం 60, స్థానం ఏడు.

అసలు కథ చెక్ దేశపు ఆడమ్ ఓండ్రాది. కొండలెక్కేవాళ్ల లోకంలో దేవుడిలాంటి మనిషి. పరుగులో 4, రెండో రకంలో 6. మూడోది అతని సొంత విద్య. అప్పటిదాకా ఎక్కినవాళ్ల కంటే ఎత్తుకి పోయి కిందికి దిగాడు. షూబర్ట్ ఎక్కాడు, గోడ చివరిదాకా వెళ్లి పై పట్టు అందుకున్నాడు. మొదటి స్థానం షూబర్ట్‌ది, ఓండ్రా రెండో స్థానానికి జారాడు. నాలుగు ఇంటూ ఆరు ఇంటూ రెండు, 48. ఆరో స్థానం.

ఇప్పుడు ఊహకి పని చెప్పండి. షూబర్ట్ ఓండ్రాకి కాస్త కింద, రెండో స్థానంలో ఆగిపోయాడనుకోండి. అప్పుడు ఓండ్రా లబ్ధం నాలుగు ఇంటూ ఆరు ఇంటూ ఒకటి, 24. హినెస్‌ది 28 గానే ఉంటుంది. స్వర్ణం ఓండ్రాది! ఇంకొకడు మరికొన్ని పట్లు ఎక్కాడా లేదా అన్నదాన్ని బట్టి ఇతను స్వర్ణం నుంచి ఆరో స్థానానికి. ఆగండి, ఇంకా ఉంది. షూబర్ట్ ఇంకా దిగజారి మూడో రకంలో ఏడోవాడయ్యాడనుకోండి. అప్పుడు హినెస్ నాలుగు నుంచి మూడుకి ఎక్కుతాడు, లబ్ధం 21. స్వర్ణం మళ్లీ హినెస్‌కే. ఓండ్రా కావాలని కోరుకోవలసిందేమిటి? షూబర్ట్ బాగా ఎక్కాలి, కానీ మరీ బాగా ఎక్కకూడదు. ఇలాంటి మొక్కు ఏ దేవుడికి మొక్కుతారు చెప్పండి!

2024 పారిస్ నాటికి పరుగుని వేరే పతకంగా విడదీసి, మిగతా రెంటినీ పాయింట్లతో కూడారు. గుణకారం పోయింది. పోవలసిందే అంటాను నేను. ఎవడి పతకం వాడి చేతుల్లో, కాళ్లలో ఉండాలి గానీ పక్కవాడి వేళ్లలో కాదు.

ఇక మనమ్మాయి సంగతి. తెలంగాణ పిల్ల అగసర నందిని హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో, 2023లో, హెప్టాథ్లాన్ కాంస్యం తెచ్చింది. ఏడు పోటీలు: 100 మీటర్ల హర్డిల్స్, హైజంప్, షాట్‌పుట్, 200 మీటర్లు, లాంగ్‌జంప్, జావెలిన్, ఆఖరున 800 మీటర్ల పరుగు. సెకన్లనీ మీటర్లనీ ఎలా కూడతారు? సెకన్లు తగ్గితే మంచిది, మీటర్లు పెరిగితే మంచిది. అందుకని ప్రతిదాన్నీ ఒక సూత్రంలో పోసి పాయింట్లు చేస్తారు. ఇక్కడ పక్కవాళ్ల స్థానంతో పని లేదు. మీరు పరిగెత్తిన సమయానికి ఎన్ని పాయింట్లో ముందే రాసిపెట్టి ఉంటుంది. ఓండ్రా బాధ ఇక్కడ లేదు.

నందినికి 5712 పాయింట్లు. నాలుగో స్థానంలో నిలిచింది మరో భారత అమ్మాయి, 2018 జకార్తా ఆసియా క్రీడల విజేత స్వప్న బర్మన్. ఆమెకి 5708. తేడా నాలుగు పాయింట్లు. రెండు నిమిషాల పదిహేను సెకన్ల దగ్గర 800 మీటర్ల పరుగులో ఒక్క సెకనుకి సుమారు పద్నాలుగు పాయింట్లు వస్తాయి. అంటే నాలుగు పాయింట్లంటే ఆ పరుగులో పావు సెకను పైచిలుకు. రెండు రోజుల ఆట, ఏడు పోటీలు, పతకానికీ ఖాళీ చేతులకీ మధ్య రెప్పపాటు.

ఇలా వేర్వేరు పోటీలని కలపడానికి మంచు దేశాలవాళ్లు ఒక చక్కని ఉపాయం కనిపెట్టారు. నార్డిక్ కంబైన్డ్‌లో ముందు స్కీలతో గెంతుతారు, తర్వాత పది కిలోమీటర్లు స్కీ పరుగు. గెంతులో వెనకబడినవాడు పరుగులో అంత ఆలస్యంగా బయల్దేరతాడు, పదిహేను పాయింట్లకి ఒక నిమిషం చొప్పున. గుండర్ గుండర్సెన్ అనే నార్వే ఆయన పేరు మీద ఆ పద్ధతి వాడుకలో ఉంది. కూడికంతా బయల్దేరే దగ్గరే అయిపోతుంది కాబట్టి గీత ముందు ఎవరు దాటితే వాళ్లే విజేత. చూసేవాళ్లకి కాగితం పెన్సిలు అక్కర్లేదు.

మీ చేతిలో పెన్సిలు ఇంకా ఉంది కదూ? పోయే ముందు ఒక్కటి. ఎర్ర, పచ్చ, నీలం మూడు జట్లు, జట్టుకి ముగ్గురు, అందరూ కలిసి ఒకే పరుగు. ఎర్రవాళ్లు 1, 6, 8 స్థానాల్లో వచ్చారు. పచ్చవాళ్లు 2, 4, 9. నీలంవాళ్లు 3, 5, 7. క్రాస్ కంట్రీ పద్ధతిలో స్థానాలు కూడితే మూడు జట్లకీ 15. సరే, జంటలుగా తేల్చుదామని నీలంవాళ్లని పక్కన పెట్టి మిగతా ఆరుగురికీ మళ్లీ స్థానాలు ఇవ్వండి. ఎర్రకి 10, పచ్చకి 11, ఎర్ర గెలుపు. ఎర్రని తీసి చూడండి, పచ్చ నీలాన్ని గెలుస్తుంది. పచ్చని తీస్తే నీలం ఎర్రని గెలుస్తుంది! కప్పు ఒక్కటే ఉంది, ముగ్గురూ చెయ్యి చాచారు.

క్రాస్ కంట్రీ నిబంధన ఏమంటుందంటే, మొత్తాలు సమానమైతే లెక్కలోకొచ్చే ఆఖరివాళ్లలో ఎవరు ముందుంటే వాళ్ల జట్టుదే గెలుపు. ఎనిమిది, తొమ్మిది, ఏడు. కప్పు నీలానికి. మీ వీధి పిల్లలకి పందేలు పెట్టేటప్పుడు మాత్రం, ఈల ఊదకముందే ఏ లెక్క కూడతారో పలక మీద రాసి పెట్టండి.